చెలామణిలోకి రాని పాత బంగారు నాణేలు కలెక్ట్ చేయాలంటే ముందు కన్ను తయారవ్వాలి

బంగారానికి తుప్పు పట్టదు, నల్లబడదు, కాబట్టి నూరేళ్ళ నాటి బంగారు నాణెమైనా ఎప్పుడూ కొత్తదానిలానే ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ మొదట్లో అలానే అనుకుని ఒక విక్టోరియా సావరిన్, అంటే విక్టోరియా రాణి బొమ్మున్న బ్రిటన్ బంగారు నాణెం కొన్నా. అమ్మినాయన "అన్‌సర్క్యులేటెడ్ అండీ, ఎలా మెరుస్తుందో చూడండి" అన్నాడు, నిజంగానే తళతళా మెరుస్తోంది, ఇంటికొచ్చి టేబుల్ ల్యాంప్ కింద పెట్టి అటూ ఇటూ వంచి చూస్తే అప్పుడు కనబడ్డాయి, రాణి చెంప మీద, మెడ వెనక ఖాళీ జాగాలో, అన్నీ ఒకే వైపుకి సాగిన వెంట్రుకల్లాంటి సన్న గీతలు. ఎవరో ఎప్పుడో గుడ్డతో గట్టిగా రుద్దారు. బరువు అంతే ఉంది, వన్నె అంతే ఉంది, కానీ టంకశాలలో అచ్చు పడిన రోజు దాని ఒంటి మీదకి వచ్చిన తొలి మెరుపు పోయింది, అది ఇంక ఎవరూ తిరిగి తేలేరు. ఈ హాబీలో మనం వెతికేది ఆ తొలి మెరుపునే, బంగారం కావాలంటే బిస్కెట్ కొనుక్కోవచ్చు, అందుకే నాణేల పేర్లు, సంవత్సరాలు, అరుదు లెక్కలు ఇవన్నీ చెప్పేముందు ఆ మెరుపు ఏంటో చెప్తా.

నాణెం ఎలా తయారవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. రెండు ఉక్కు అచ్చుల మధ్య బంగారు బిళ్ళ పెట్టి టన్నుల కొద్దీ ఒత్తిడితో కొడతారు, ఆ దెబ్బకి లోహం ఒక్క క్షణం పాకం లాగా మధ్యలోంచి అంచుల వైపుకి పాకుతుంది, అలా పాకినప్పుడు అచ్చు ముఖం మీదున్న అతి సూక్ష్మమైన గాళ్ళ ముద్ర నాణెం మీద పడుతుంది. కంటికి విడిగా కనబడవు అవి. కానీ వెలుతురు కింద నాణెం కొంచెం వంచి మెల్లగా తిప్పితే వెలుగు చార ఒకటి బండి చక్రం ఆకుల్లాగా నాణెం చుట్టూ తిరుగుతుంది, కలెక్టర్లు లస్టర్ అనేది దీన్నే. చేతులు మారితే, జేబులో తిరిగితే ముందు పోయేది ఇదే, అదీ ఎత్తుగా ఉన్న చోట్ల ముందు పోతుంది, పాలిష్ చేస్తే మొత్తం పోతుంది. పాలిష్ చేసినది కూడా మెరుస్తుంది కదా అంటారా, మెరుస్తుంది, కానీ అద్దంలా ఒకేసారి మెరిసి ఊరుకుంటుంది, ఆ చార తిరగదు. ఈ ఒక్క తేడా పట్టుకోవడానికి నాకు దగ్గర దగ్గర ఏడాది పట్టింది, మీకు ఎవరైనా పక్కన కూర్చుని చూపిస్తే ఒక గంట చాలు.

చూసే పద్ధతి ఇది. గదిలో మిగతా లైట్లు ఆపేసి ఒకే ఒక్క ల్యాంప్ ఉంచుకోండి, పాత రకం బల్బు గానీ హాలోజెన్ గానీ అయితే మంచిది, ట్యూబ్‌లైట్ కింద వెలుతురు అన్నివైపుల నుంచీ వచ్చి గీతల్ని దాచేస్తుంది. కింద మెత్తటి టవల్ పరచండి, జారి పడితే ఆ ఒక్కసారికే గ్రేడ్, అంటే నాణెం స్థితికి ఇచ్చే మార్కు, పోతుంది. నాణేన్ని అంచులతో మాత్రమే పట్టుకోండి, బొమ్మ వైపు గానీ బొరుసు వైపు గానీ వేలు తగలకూడదు. ముందు లెన్స్ లేకుండా చూడండి, మొత్తం మీద ఎలా ఉందో కన్నే బాగా చెప్తుంది, తర్వాత 5 రెట్లు పెద్దగా చూపించే లూప్, 10 రెట్లది నకిలీ అనుమానం వచ్చినప్పుడు మాత్రమే, ఎందుకంటే 10 రెట్లతో చూస్తే ఎంత మంచి నాణెం అయినా గాయాల పుట్టలా కనబడి మనసు చెడిపోతుంది.

అన్‌సర్క్యులేటెడ్ అంటే మచ్చ లేనిది అని కాదు, ఇది కొత్తవాళ్ళకి అస్సలు అర్థం కాని విషయం. అరుగుదల లేదు అని మాత్రమే దాని అర్థం. అమెరికా 20 డాలర్ల నాణేలు, డబుల్ ఈగిల్ అంటారు, ఒక్కోటి 33.436 గ్రాములు, అవి 250 చొప్పున ఒక సంచిలో పోసి బ్యాంకుల మధ్య తిప్పేవాళ్ళు, అంటే సంచి ఎనిమిది కిలోలకి పైమాటే, అంత బరువున్న మెత్తని లోహం ఒకదానికొకటి కొట్టుకుంటే నొక్కులు పడకుండా ఎలా ఉంటాయి. వాటిని బ్యాగ్ మార్క్స్ అంటారు, అవి ఉన్నా సరే ఒరిపిడి లేకపోతే అది అన్‌సర్క్యులేటెడ్ కిందకే వస్తుంది. గ్రేడింగ్‌కి అందరూ వాడేది 1 నుంచి 70 దాకా ఉండే స్కేలు, 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేశాడు, తర్వాత అన్నిటికీ అదే వాడుకలోకి వచ్చేసింది. దాంట్లో 60 నుంచి 70 దాకా మింట్ స్టేట్, ఎమ్ఎస్ అని రాస్తారు, 58 అంటే చాలా కొద్దిగా ఒరిపిడి ఉన్నది, ఏయూ 58, ఏయూ అంటే అబౌట్ అన్‌సర్క్యులేటెడ్. నా మాట నమ్మండి, అందంగా ఉన్న ఏయూ 58 నాణెం చాలాసార్లు నొక్కులతో నిండిన ఎమ్ఎస్ 60 కన్నా చూడ్డానికి ఎంతో బావుంటుంది, తక్కువకీ వస్తుంది. కానీ 58ని 62 అని అమ్మేవాళ్ళు ఉంటారు, అందుకే ఒరిపిడి ఎక్కడ మొదలవుతుందో తెలిసుండాలి.

ఒరిపిడి ఎప్పుడూ ఎత్తైన చోట మొదలవుతుంది, ప్రతి డిజైన్‌కీ ఆ చోట్లు వేరు, కాబట్టి మీరు ఏ సిరీస్ కలెక్ట్ చేస్తారో దాని ఎత్తు జాగాలు బట్టీ పట్టాల్సిందే. సెయింట్ గాడెన్స్ అనే శిల్పి డిజైన్ చేసిన డబుల్ ఈగిల్ అయితే నిలబడి ఉన్న లిబర్టీ దేవత మోకాలు, రొమ్ము, ముక్కు, వెనక గద్ద రెక్క పైభాగం. సావరిన్ అయితే విక్టోరియా చెవి పైన జుట్టు, వెనక వైపు గుర్రం మీదున్న సెయింట్ జార్జ్ శిరస్త్రాణం, తొడ, గుర్రం ఛాతీ. అక్కడ రంగు మారిందా చూడండి, లస్టర్ ఉన్న చోట బంగారం కొంచెం పొడి పొడిగా, వెలుగుని అట్టే పెట్టుకున్నట్టు ఉంటుంది, అరిగిన చోట కాస్త మాసిపోయి చప్పగా అయిపోతుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది, అచ్చు సరిగా పడకపోయినా ఆ ఎత్తు చోట్లలో వివరం ఉండదు, దాన్ని వీక్ స్ట్రైక్ అంటారు, అది అరుగుదల కాదు. తేడా ఎలా తెలుస్తుందంటే, అచ్చు తేలిగ్గా పడినచోట వివరం లేకపోయినా మెరుపు ఉంటుంది, అరిగినచోట రెండూ ఉండవు. అంతే, ఇంతకన్నా పెద్ద రహస్యం ఏం లేదు.

అమెరికాదే ఇంకో సిరీస్ ఉంది, 1908 నుంచి 1929 దాకా వచ్చిన రెండున్నర డాలర్ల, 5 డాలర్ల ఇండియన్ హెడ్ నాణేలు, బేలా లయన్ ప్రాట్ అనే శిల్పి డిజైన్. వీటిలో బొమ్మ పైకి ఉబ్బి ఉండదు, లోపలికి దిగి ఉంటుంది, అంటే చుట్టూ ఉన్న ఖాళీ జాగానే అన్నిటికన్నా ఎత్తు, ఏది తగిలినా దానికే తగులుతుంది. గ్రేడింగ్‌లో బాగా అనుభవం ఉన్నవాళ్ళు కూడా వీటి దగ్గర ఆగి రెండుసార్లు చూస్తారు. కాబట్టి మొదటి నాణెంగా దీన్ని మాత్రం తీసుకోకండి, బొమ్మ ఎంత నచ్చినా సరే.

ఇంక క్లీనింగ్ సంగతి, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. ఒక నాణెం రెండు యుద్ధాలు దాటి, కొలిమిలో పడకుండా తప్పించుకుని, ఎక్కడో బ్యాంకు సంచిలో నూరేళ్ళు నిద్రపోయి మన తరం దాకా వస్తే ఎవరో దానికి టూత్‌పేస్ట్ రాసి తోముతారు. ఇంకొకరు బంగారమా కాదా చూద్దామని గీటురాయి మీద అంచు గీస్తారు. ఇంకొకరు లాకెట్ చేయించుకోవడానికి పైన టంకం పెట్టి కొలికి అతికిస్తారు, తర్వాత వాళ్ళ పిల్లలు దాన్ని పీకి, అతుకు అరగదీసి, మెరుగు పెట్టి అమ్మేస్తారు. ఇలా నగల్లోంచి వచ్చినవి గుర్తుపట్టాలంటే అంచు చూడండి, ముఖాలు చూసి మురిసిపోయి అంచు చూడ్డం మర్చిపోతాం, అంచు మీద గాళ్ళు పన్నెండు గంటల దగ్గర చదునైపోయాయా, అక్కడ రంగు వేరుగా ఉందా, లేదా నాలుగు వైపులా పంజాతో పట్టినట్టు నొక్కులున్నాయా అని. గ్రేడింగ్ కంపెనీలు ఇలాంటి వాటికి నంబర్ ఇవ్వవు, డీటెయిల్స్ అని రాసి కారణం కింద పెడతాయి, క్లీన్డ్, మౌంట్ రిమూవ్డ్, అలా. అలాంటివి మళ్ళీ అమ్మేటప్పుడు చాలా కష్టం, కాబట్టి చరిత్ర కోసం చవగ్గా ఒకటి కావాలంటే తప్ప జోలికెళ్ళొద్దు.

అరుదు అంటే ఏంటో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే ఇక్కడ కూడా అందరూ ఒకే చోట పడతారు. కేటలాగ్‌లో ఎన్ని కొట్టారు అనే అంకె చూసి అరుదు అని తేల్చేస్తారు. ఎన్ని కొట్టారన్నది కాదు, ఎన్ని మిగిలాయి, వాటిలో ఎన్ని ఒరిపిడి లేకుండా మిగిలాయి అన్నదే లెక్క. 1927లో డెన్వర్ టంకశాలలో 1,80,000 డబుల్ ఈగిల్స్ కొట్టారు, ఈరోజు తెలిసినవి ఓ డజను అటూ ఇటూ. 1917లో లండన్‌లో కొట్టిన సావరిన్లు పది లక్షలు దాటాయి, కానీ మొదటి ప్రపంచ యుద్ధం సమయంలో కొనుగోళ్ళ కోసం అమెరికా చేరి అక్కడ కరిగిపోయాయి, అందుకే లండన్ 1917 ఇప్పుడు కష్టంగా దొరుకుతుంది, అదే 1917 ఆస్ట్రేలియా టంకశాలలవి మాత్రం మామూలుగానే దొరుకుతాయి, ఒకే సంవత్సరం, ఒకే బొమ్మ, గుర్రం కింద నేల మీద టంకశాల గుర్తుగా వేసే చిన్న అక్షరం ఉందా లేదా అన్నదే తేడా. పెద్ద కొలిమి మాత్రం 1933 ది. ఆ ఏప్రిల్ 5న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన 6102 నంబర్ ఉత్తర్వుతో జనం తమ దగ్గరున్న బంగారు నాణేలు అప్పగించాల్సి వచ్చింది, కలెక్టర్లకి ప్రత్యేక విలువున్న అరుదైన నాణేలకి మినహాయింపు ఇచ్చారు గానీ మిగతావి కోట్ల డాలర్ల కొద్దీ కరిగి కడ్డీలయ్యాయి. ఆ ఏడాది కొట్టిన డబుల్ ఈగిల్స్ 4,45,500, అధికారికంగా ఒక్కటీ బయటికి వదల్లేదు, దొంగచాటుగా బయటపడ్డ కొన్నిట్లో చట్టబద్ధంగా వ్యక్తి చేతిలో ఉండగలిగింది ఒకే ఒక్కటి. అలాంటప్పుడు మిగతా సంవత్సరాలవి అంత మంచి స్థితిలో ఎలా మిగిలాయంటే యూరప్ బ్యాంకులకి అంతకుముందే చెల్లింపుల కింద వెళ్ళిపోయిన సంచులు అక్కడ కదలకుండా పడున్నాయి, తర్వాత దశాబ్దాల్లో అవే మెల్లగా వెనక్కి వచ్చాయి.

దీనికి రివర్స్‌లో జరిగేది కూడా ఉంది. ఎస్ఎస్ సెంట్రల్ అమెరికా అనే ఓడ 1857 సెప్టెంబర్‌లో తుపానులో మునిగింది, కాలిఫోర్నియా బంగారంతో నిండి, నాలుగు వందలకి పైగా ప్రాణాలు పోయాయి. 1988లో దాని జాడ కనిపెట్టి అందులోని బంగారం పైకి తీసినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో అదే ఏడాది కొట్టిన డబుల్ ఈగిల్స్ వేలకొద్దీ దొరికాయి, నిన్న కొట్టినట్టున్నాయి, అప్పటిదాకా మింట్ స్టేట్‌లో చాలా అరుదనుకున్న 1857 ఎస్, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తు, ఒక్కసారిగా దొరికే నాణెం అయిపోయింది. అలాగే 2013లో కాలిఫోర్నియాలో ఒక జంట తమ స్థలంలోనే పాతిపెట్టిన డబ్బాల్లో 1,427 నాణేలు కనుక్కున్నారు, సాడిల్ రిడ్జ్ నిధి అంటారు. 1908 మోటో లేని, అంటే 'ఇన్ గాడ్ వి ట్రస్ట్' అనే మాట లేని డబుల్ ఈగిల్స్ అయితే వెల్స్ ఫార్గో పేరుతో పిలిచే ఒకే గుట్టలో 19,900 వచ్చాయి. కాబట్టి టాప్ గ్రేడ్‌లో మూడే ఉన్నాయి అని ఎవరైనా ఊరిస్తే, ఈరోజుకి మూడు అని మనసులో అనుకోండి. కండిషన్ వల్ల వచ్చే అరుదు కొత్త నిధితో పోవచ్చు, నాణెమే అరుదైనది అయితే అంత తేలిగ్గా పోదు, నాకు రెండో రకమే ఇష్టం, అందుకే మామూలు సంవత్సరం ఎమ్ఎస్ 66 కన్నా కష్టమైన సంవత్సరం ఎమ్ఎస్ 62 కొంటా. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని కలెక్టర్లు చాలామందే ఉన్నారు.

నాణెం మీదున్న సంవత్సరం అది కొట్టిన సంవత్సరమే అని అనుకోకండి, పాత తేదీతోనే తర్వాత మళ్ళీ కొట్టినవీ ఉంటాయి, వాటిని రీస్ట్రైక్ అంటారు. ఆస్ట్రియా 1915 తేదీతో ఉన్న డ్యూకట్లు, 20, 100 కరోనా నాణేలు ఆ తర్వాత దశాబ్దాల పాటు కొడుతూనే ఉన్నారు. హంగేరీ 1907, 1908 వంద కరోనాలూ అంతే. మెక్సికో 50 పెసోల పెద్ద నాణెం 1947 తేదీతో ఆ తర్వాత దశాబ్దాల్లో కూడా వచ్చింది. ఫ్రాన్స్ 20 ఫ్రాంకుల కోడిపుంజు బొమ్మ నాణెం 1907 నుంచి 1914 దాకా తేదీలున్నవాటిలో చాలా వరకు 1951 నుంచి 1960 మధ్య మళ్ళీ కొట్టినవి ఉంటాయి, అందుకే ఆ తేదీలవి అంత కొత్తగా మెరుస్తూ దొరుకుతాయి, అంతకుముందు 1899 నుంచి 1906 దాకావి అదే మెరుపుతో దొరికితే దాని సంగతి వేరు. సావరిన్లలో 1925 లండన్‌ది 1949, 1951, 1952లో కూడా కొట్టారు. ఇవేవీ నకిలీలు కావు, ప్రభుత్వ టంకశాలవే, బంగారం కోసం కొనుక్కుంటే చక్కటివి, కానీ పాతకాలపు అన్‌సర్క్యులేటెడ్ నాణెం అని చెప్పి ఎక్కువ డబ్బు అడిగితే మాత్రం ఇవ్వక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే నేను సావరిన్లే అంటా. 1817లో మొదలైన సిరీస్, సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని చంపే బొమ్మ బెనెడెట్టో పిస్ట్రూచ్చి చెక్కింది, ఇన్నేళ్ళయినా దాన్నే వాడుతున్నారు. సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, ఒట్టావా, ప్రిటోరియాలతో పాటు బొంబాయిలో కూడా కొట్టారు, అదీ 1918 ఒక్క ఏడాదే, గుర్రం కింద ఐ అనే అక్షరం ఉంటుంది. నాణెం ఒకటే, టంకశాలలు ఇన్ని, కాబట్టి ఒక్కో టంకశాలకి ఒక్కటి చొప్పున మింట్ స్టేట్‌లో సెట్ చేయడం మొదలెడితే చేతికందే లక్ష్యం, నేర్చుకోడానికి కావల్సినంత ఉంటుంది. ఒకటే మాట, ముందు ఒక మామూలు సంవత్సరం సావరిన్, ఎమ్ఎస్ 62 గానీ 63 గానీ, పేరున్న కంపెనీ గ్రేడ్ చేసింది కొని నెల రోజులు రోజూ ల్యాంప్ కింద చూడండి, పక్కన ఒక అరిగిన సావరిన్ పెట్టుకుని చూడండి. అరుదైనవాటి జోలికి ఆ తర్వాతే. అన్ని దేశాలవీ తలా ఒకటి పోగేస్తే ఏ ఒక్కదాని మీదా కన్ను కుదరదు, ఇది మాత్రం నా అనుభవం.

నకిలీల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మొదటి రకం బంగారమే కానివి, వాటిని కొలతలతో పట్టుకోవచ్చు. సావరిన్ 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52, వన్నె 22 క్యారెట్లు. ఫ్రాన్స్ 20 ఫ్రాంకులు 6.4516 గ్రాములు, 21 మిల్లీమీటర్లు, 90 శాతం బంగారం. బరువు, వ్యాసం, మందం మూడూ ఒకేసారి సరిపోవాలి, ఎందుకంటే బంగారం కన్నా తేలికైన లోహంతో చేస్తే బరువు కుదిరేసరికి మందం పెరుగుతుంది. అన్‌సర్క్యులేటెడ్ అని చెప్పి అమ్మే సావరిన్ బరువు 7.94 చూపిస్తే అక్కడే ఆగండి, చట్టప్రకారం చెలామణికి పనికిరాకుండా పోయే హద్దు అంచుల్లో ఉందన్నమాట అది, వాడనిదానికి అంత తరుగు రాకూడదు. ఇంకా అనుమానముంటే నీళ్ళలో తూచడం, మిల్లీగ్రాము దాకా చూపించే తక్కెడ మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్న దారంతో కట్టి గ్లాసు అడుగుకి, పక్కలకి తగలకుండా ముంచాలి, అప్పుడు వచ్చిన అంకెతో నాణెం బరువుని భాగిస్తే సాంద్రత వస్తుంది. సావరిన్‌కి 0.45 గ్రాముల చుట్టూ వస్తుంది, అంటే 17.6 దగ్గర, 90 శాతం బంగారం నాణేలకి 17.2 దగ్గర. మింట్ స్టేట్ నాణేనికి ఈ పరీక్ష తప్పనిసరి అయితేనే చేయండి, డిస్టిల్డ్ నీళ్ళు వాడండి, తర్వాత తుడవొద్దు, మెత్తటి టిష్యూ మీద పెట్టి నీళ్ళు పీల్చుకోనివ్వండి.

రెండో రకం ప్రమాదమైనది, సరైన వన్నె బంగారంతోనే చేసిన నకిలీలు. 1950లు, 60లలో బీరూట్ లాంటి చోట్ల ఇవి గుట్టలుగా తయారయ్యాయి, సావరిన్లు, అమెరికా నాణేలు రెండూ. వీటిని తక్కెడ పట్టుకోలేదు, కన్నే పట్టుకోవాలి. అసలు నాణెం మీద దెబ్బ పడితే పదును అంచులున్న, లోపల మెరిసే గాయం ఉంటుంది, నకిలీ అచ్చుని ఒక అసలు నాణెం నుంచే తీస్తారు కాబట్టి ఆ నాణెం మీదున్న గాయాలు కూడా అచ్చులోకి వెళ్ళి ప్రతి నకిలీ మీదా ఒకే చోట, మెత్తగా, లస్టర్ కప్పేసిన గుంటల్లా వస్తాయి. అక్షరాలు సబ్బు మీద కోసినట్టు గుండ్రంగా ఉంటే, ఖాళీ జాగాలో చిన్న చిన్న మొటిమల్లా ఉబ్బెత్తులుంటే, అంచు పళ్ళ మధ్య సూదిలాంటి గీతలు పైకి లేచి ఉంటే వదిలేయండి. 1907 హై రిలీఫ్ డబుల్ ఈగిల్‌కి, అంటే బొమ్మ బాగా ఉబ్బెత్తుగా ఉన్నదానికి, అద్భుతంగా నకిలీ చేసిన వాడొకడు గద్ద గోళ్ళలో గ్రీకు ఒమేగా అక్షరం చిన్నగా చెక్కి వదిలాడు, ఆ సంతకమే లేకపోతే ఎన్ని సేకరణల్లో అసలువిగా ఉండిపోయేవో. ఇవి కాక అసలు నాణేనికే అక్షరం అతికించేవాళ్ళున్నారు, 1911 డెన్వర్ రెండున్నర డాలర్లది డి అక్షరం ఉంటేనే విలువ, అందుకని ఫిలడెల్ఫియా నాణేనికి డి పెట్టి అమ్ముతారు, ఆ అక్షరం అడుగున నాణేనికి ఆనుకున్న చోట 10 రెట్ల లూప్‌తో చూడండి, నాణెంతో కలిసి పుట్టిందా పైన కూర్చుందా తెలుస్తుంది.

ఇదంతా సొంతంగా చేయగలిగే దాకా స్లాబ్‌లో ఉన్నవే కొనండి, స్లాబ్ అంటే గ్రేడ్ చేసి సీలు వేసిన గట్టి ప్లాస్టిక్ డబ్బా. 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ, ఈ రెండు గ్రేడింగ్ కంపెనీలనీ ప్రపంచమంతా ఎక్కువగా నమ్ముతుంది. కానీ డబ్బాకి కూడా నకిలీలు వచ్చేశాయి, కాబట్టి మీద ఉన్న నంబర్ వాళ్ళ సైట్‌లో కొట్టి చూడండి, నంబర్ దొరికిందని సంబరపడకండి, అక్కడ ఫోటో ఉంటే ఆ ఫోటోలో ఉన్న నొక్కులు చేతిలో ఉన్న నాణెం మీద అదే చోట ఉన్నాయా అని పోల్చండి, నొక్కులు ఒక నాణేనికి వేలిముద్రల్లాంటివి. ఎన్ని గ్రేడ్ చేశామో వాళ్ళు వేసే లెక్క, పాపులేషన్ రిపోర్ట్, అది కూడా ఉన్నదున్నట్టు నమ్మొద్దు, ఎక్కువ గ్రేడ్ వస్తుందేమో అని జనం ఒకే నాణేన్ని డబ్బా పగలగొట్టి మళ్ళీ మళ్ళీ పంపుతారు, అప్పుడు ఒకటే మూడుసార్లు లెక్కలోకి వస్తుంది. ఒకే 63 నంబర్ ఉన్న రెండు నాణేల్లో ఒకటి చూడగానే పట్టేస్తుంది, ఇంకోటి నిద్రపోతున్నట్టుంటుంది, మొహం మీద పెద్ద గంటు ఉన్నదాని కన్నా జుట్టులో రెండు గంట్లు ఉన్నది మేలు, ఇవన్నీ నంబర్ చెప్పదు.

కొనేటప్పుడు తొందర వద్దు. పెద్ద వేలం సంస్థలన్నీ పాత అమ్మకాల ఫోటోలు, రేట్లు ఆన్‌లైన్‌లో ఉంచుతాయి, మీకు కావల్సిన నాణెం అదే గ్రేడ్‌లో గత కొన్నేళ్ళలో ఎంతకి పోయిందో కనీసం అరడజను అమ్మకాలు చూడండి. వేలంలో పాడిన రేటు మీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ళు వేలం సంస్థకి కట్టే కమిషన్, వేరే పడుతుంది, ఆపైన పన్ను, రవాణా, ఇవన్నీ కలిపి ముందే ఒక అంకె రాసిపెట్టుకుని అక్కడ ఆగిపోవాలి. ఫోటోలో లస్టర్ తెలీదు, నాణేన్ని వంచి తిప్పుతూ తీసిన వీడియో అడగండి, మంచి డీలర్ ఇస్తాడు, ఇవ్వనంటే ఎందుకివ్వడో ఆలోచించండి. వాపసు షరతులు రాతలో ఉండాలి. 62 నుంచి 63కి, 64 నుంచి 65కి రేటు ఒక్కసారి ఎగిరే నాణేలుంటాయి, ఆ గీత దగ్గర ఉన్న నాణెం విషయంలో సొంత కన్ను లేకుండా డబ్బు పెట్టకండి.

ఇంకా పాత కాలంలోకి, రోమన్ ఆరియస్, బైజాంటైన్ సాలిడస్ లాంటి వాటికి వెళ్ళాలంటే లెక్క మారుతుంది, అవి చేత్తో సుత్తి పెట్టి కొట్టినవి, అందుకే ఎన్‌జీసీ వాటికి గ్రేడ్‌తో పాటు అచ్చు ఎలా పడింది, ఉపరితలం ఎలా ఉంది అని విడిగా 5కి మార్కులు వేస్తుంది. సాలిడస్ 4.5 గ్రాముల దగ్గర ఉండాలి, బాగా తక్కువుంటే అంచు కత్తిరించి బంగారం తీసుకున్నారేమో చూడండి. వీటికి కాగితాలు ముఖ్యం, చాలా దేశాలు పురాతన వస్తువులు బయటికి పోకుండా చట్టాలు పెట్టుకున్నాయి, ఎప్పుడు ఏ సేకరణలోంచి వచ్చిందో చెప్పలేని పురాతన నాణెం ఎంత అందంగా ఉన్నా తీసుకోకండి, అలా తీసుకుంటే భూమిలోంచి దొంగగా తవ్వేవాళ్ళకి మనమే డబ్బిచ్చినట్టు.

దాచుకోవడంలో పెద్ద శత్రువు పీవీసీ, మెత్తగా వంగే చవక ప్లాస్టిక్ కవర్లు, ఏళ్ళు గడిస్తే వాటిలోంచి పచ్చటి జిగురు నాణెం మీదకి దిగుతుంది, బంగారమైనా సరే. గట్టి క్యాప్సూల్ గానీ మైలార్ కవర్ గానీ వాడండి. పీవీసీ జిగురు పట్టిందంటే గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి ముంచి తీయడం, అంతవరకే, రుద్దడం లేదు, మంట దగ్గర్లో ఉండకూడదు, కిటికీలు తెరిచుంచాలి. నాణెం మీద ఎర్రటి చుక్కలు కనబడితే అవి కాపర్ స్పాట్స్, కరిగించినప్పుడు రాగి సరిగా కలవక అక్కడక్కడా ఉండిపోయి గాలికి రంగు మారినవి, అసిటోన్‌కి పోవు, పోగొట్టాలని చూడొద్దు, సహజమైనవే. ఓపెన్‌గా ఉన్న నాణెం మీదకి వంగి మాట్లాడకండి, ఉమ్మి తుంపర పడిన చుక్క ఇవాళ కనబడదు, ఏళ్ళ తర్వాత మచ్చగా తేలుతుంది. తేమ లేని చోట సిలికా జెల్ పెట్టి లాకర్‌లో ఉంచండి, ఇన్సూరెన్స్ తీసుకోండి.

ప్రతి నాణేనికీ ఒక పేజీ రాసుకోండి, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకి, స్లాబ్ నంబర్, బరువు, ఏ చోట ఏ నొక్కు ఉంది, బిల్లు కాపీ, రెండు వైపులా అంచూ ఫోటోలు. పాత కాగితపు కవర్‌లో వచ్చిందనుకోండి, దాని మీద ఎవరో కలెక్టర్ చేతిరాత ఉంటే ఆ కవర్ పారేయకుండా నాణెంతో పాటే దాచండి. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పి, వీటిని తోమకూడదు, కరిగించడానికి ఇవ్వకూడదు, ముందు ఫలానా వాళ్ళని అడగాలి అని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.